ఇద్దరు మేనమామల బుట్ట

ఆ రోజుల్లో ఫిజీలో, మా నవువా చెరకు తోట కూలీల లైన్లలో ఎవరికీ పుట్టుకతో వచ్చిన బంధువులు ఉండేవారు కారు. దొరికినవాళ్ళని దొరికినచోట చేర్చుకోవడమే. ఒకరికి తాత, ఓడ ఎక్కించేముందు కూలీల్ని ఉంచే డిపోలో దొరికేవాడు, ఇంకొకరికి పిన్ని చెరకు పొలంలో దొరికేది. ఇప్పుడు నా మనవరాళ్ళు బడి నుంచి వచ్చి, "అమ్మమ్మా, మీది ఉమ్మడి కుటుంబమా, చిన్న కుటుంబమా?" అని అడుగుతుంటారు. (టీచరు చెప్పమన్నాడట.) నేనేం చెప్పను? మాది ఒక గది. ఆ గదికి పైకప్పు దాకా అందని గోడలు. ఆ గోడల మీదుగా వచ్చిపడే పొరుగువాళ్ళ దగ్గులూ, తగాదాలూ, పప్పు పోపు వాసనా అన్నీ కలిపితేనే మా కుటుంబం.

మద్రాసులో ఓడ ఎక్కేనాటికి నేను అమ్మ చంకలో ఉన్నాను. నాన్న గిర్మిట్ (ఐదేళ్ళ కూలి ఒప్పందం) తీరకముందే పోయాడు. ఆయన ముఖం నాకు గుర్తులేదు. అమ్మకి మిగిలింది ఇద్దరు తమ్ముళ్ళు, ఇద్దరూ సొంత తమ్ముళ్ళు కారు. మొదటివాడు ఓడమామ. విశాఖపట్నం వైపు మనిషి, పొట్టి, నల్లన, ముక్కు మీద కోపం. ఓడలో మా పక్కన పడుకుని, నాకు జ్వరం వస్తే తన వంతు మంచినీళ్ళు నాకు పోసి, అమ్మని "అప్పా" అని పిలిచాడు (వాళ్ళ వైపు అక్కని అలాగే అంటారు). అంతే, బంధుత్వం కుదిరిపోయింది. రెండోవాడు గోడమామ. పక్క గదిలో ఉండే ఉత్తరాది మనిషి, తాటిచెట్టంత పొడుగు, ఎర్రటి ఒళ్ళు, పెద్ద మీసాలు. ఆయన భాష హిందీ. గోడ మీదుగా మా మాటలు విని విని తెలుగు పట్టుకున్నాడు. చిక్కల్లా ఏమిటంటే, ఆయన విన్న తెలుగంతా మా అమ్మ నన్ను తిట్టే తెలుగు. తెలుగు వాళ్ళు ఆప్యాయంగా మాట్లాడుకునే పద్ధతి అదేననుకున్నాడు పాపం. పొద్దున్నే తను పెంచే మేక పాలు తెచ్చి, ఎంతో ప్రేమగా, "ఓసి మొద్దుముఖమా, తాగి చావు!" అనేవాడు.

నాకు పద్దెనిమిదేళ్ళు నిండేసరికి లైన్లలో అందరూ నన్ను ముదురు బెండకాయ కింద జమకట్టేశారు. అప్పుడొచ్చింది సంబంధం. నదికి అవతల, గిర్మిట్ తీరి ఖులా అయిపోయి (స్వేచ్ఛ దొరికినవాళ్ళని అలా అనేవారు) సొంతంగా వరి వేసుకుంటున్న ఒకావిడ తన కొడుకుకి నన్ను అడిగింది. ఆ అబ్బాయిని రేవు దగ్గర చూశాను. పడవ నడుపుతాడు. చెవులు కాస్త పెద్దవి. నన్ను చూసినప్పుడల్లా ఆ చెవులు ఎర్రబడేవి. నాకు ఆ చెవులు నచ్చాయి. ఇంకెవరినీ చేసుకోనని లోపల ఒట్టు కూడా పెట్టుకున్నాను.

అయితే ఆవిడ ఒక మెలిక పెట్టింది. "అన్నీ పద్ధతిగా జరగాల. పిల్లని మేనమావ బుట్టలో మోసుకొచ్చి పీటల మీద కూకోబెట్టాల. మేనమావ ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా, ఒక్కడే తమ్ముడు," అనేసింది అమ్మ కంగారులో.

ఆ మాట ఇంటికొచ్చి చెప్పగానే ఓడమామ పొంగిపోయాడు. "నానుండగా నీకేటి బెంగప్పా? బుట్ట నానే ఎత్తుతాను."

గోడ మీదుగా గోడమామ తల లేచింది. "ఏ! మామా హమ్ హై! ఈ పిల్ల హమార్ భాంజీ, మేనకోడల్ హై!"

"నువ్వేటి మావవి? దీన్ని ఓడంతా ఎత్తుకు తిరిగినోడిని నాను!"

"నువ్వు ఓడలో ఎత్తినావ్. మై లైన్‌లో ఎత్తినా. ఇది పెద్దదయ్యాక బరువు జాస్తీ!"

ఆ దెబ్బతో ఇద్దరికీ మాటలు పోయాయి. ఒకరున్నప్పుడు ఇంకొకరు మా గడప తొక్కేవారు కారు. అమ్మ ఇద్దరినీ విడివిడిగా బతిమాలింది. "ఆదివారం వాళ్ళొస్తున్నారు. ఇద్దరూ నోరు విప్పకండి. మేనమామ ఎవరో తరవాత తేల్చుకుందాం."

ఆదివారం రానే వచ్చింది. పెళ్ళికొడుకూ, వాళ్ళమ్మా, ఆమె వెనకాల గుమ్మం పట్టనంత తలపాగాతో ఒక పెదనాన్నగారూ దిగారు. ఓడమామ ఉతికిన పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన నోరు తెరిచేలోపలే గోడమామ ఆయన్ని పక్కకి నెట్టి, పెళ్ళికొడుకు తల్లికి రెండు చేతులూ జోడించి, ఒంగి నమస్కారం పెట్టి, గౌరవమంతా గొంతులో నింపుకుని అన్నాడు కదా, "రావే దిక్కుమాలినదానా! ఇంతసేపూ ఎక్కడ చచ్చావ్? కూర్చో!"

(నేను రేవు నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడల్లా అమ్మ అనే మాటలవి. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.)

ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని, "ఎవుడీడు?" అంది.

"మేనమావ!" అన్నారు ఇద్దరూ ఒకేసారి, ఎవరి గుండె వాళ్ళు చూపించుకుంటూ.

"ఒక్కడేనన్నావు కదమ్మా?"

"ఇద్దరమ్మా..." అమ్మ ఇద్దరి వైపూ చూసింది. "కవలలు."

ఆవిడ పొట్టివాణ్ణీ పొడుగువాణ్ణీ, నల్లవాణ్ణీ ఎర్రవాణ్ణీ మార్చి మార్చి చూసింది. "మరి ఈయనకి తెలుగు సరిగా రాదేం?"

"వాడికి చిన్నప్పటి నుంచీ మాట కొంచెం తక్కువమ్మా."

ఇక నా వల్ల కాలేదు. నవ్వు ఆపుకోబోతే ముక్కులోంచి వచ్చేసింది. పరువు ఎలాగూ పోయింది కదా అని లేచి నిలబడి చెప్పేశాను. "వీళ్ళు మా అమ్మకి తోడబుట్టినవాళ్ళు కారండీ. ఒకాయన ఓడలో దొరికాడు, ఒకాయన గోడవతల దొరికాడు. మాకు వీళ్ళు తప్ప ఎవరూ లేరు." అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడింది.

తలపాగా పెదనాన్న లేచాడు. "వంశం తెలీని పిల్లని మనింటికి ఎలా తెస్తాం? పదండి."

అప్పుడు పెళ్ళికొడుకు, చెవులు మందారాల్లా ఎర్రబడి, అడిగాడు. "పెదనాన్నా, మా నాన్న పేరేటో చెప్పు చూద్దాం."

పెదనాన్న తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆవిడ ఒక్కసారిగా ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. "వీడు నా కడుపున పుట్టినోడు కాదమ్మా. డిపోలో తల్లి చచ్చిపోయి ఏడుస్తా ఉంటే ఎత్తుకున్నాను. ఈ పెద్దాయన మా పక్క పొలమాయన. తలపాగా నిండుగా ఉంటుందని పిలుచుకొచ్చాను." తరవాత గోడమామ వైపు తిరిగి, "మా అమ్మ పోయాక నన్నలా పిలిచినోళ్ళు లేరయ్యా. కూకోమన్నావుగా, కూకుంటాను," అని చాప మీద బాసింపట్టు వేసుకు కూర్చుంది.

ఇద్దరు మేనమామలూ కలిసి బుట్ట మొయ్యాలని ఆవిడే తీర్పు చెప్పింది. బుట్ట సంగతి ఓడమామ తలకెత్తుకున్నాడు. నదికి ఎగువన ఫిజీ వాళ్ళ ఊళ్ళో ఒక ముసలామె కొబ్బరాకులతో బుట్టలు అల్లేది. ఈయనకి వాళ్ళ భాష రాదు, ఆవిడకి ఈయన భాష రాదు. అందులో ఏం పెడతారని ఆవిడ సైగ చేస్తే, పెళ్ళికూతుర్ని ఎలా చూపించాలో తోచక, పక్కనున్న దాలో దుంపల (మన చేమదుంపల్లాంటివి) కుప్ప చూపించాడట.

పెళ్ళినాడు నవువాలో ఎప్పటిలాగే వాన. నన్ను బుట్టలో కూర్చోబెట్టి ఇద్దరూ లేవనెత్తారు. పొడుగు మామ వైపు బుట్ట ఆకాశానికి, పొట్టి మామ వైపు భూమికి. "వంగు!" అంటాడు ఒకాయన. "తూ ఉఠ్, పైకి లే!" అంటాడు ఇంకొకాయన. దుంపలకి అల్లిన బుట్ట దుంపలనైతే మోసేదే. పందిరి ఇంకా సగం దూరం ఉండగా అడుగు ఊడిపోయింది. నా కాళ్ళు బురదలో ఆనాయి. ముందుకే చూస్తున్న వాళ్ళిద్దరికీ ఆ సంగతి తెలియలేదు. బరువు తగ్గిందనుకుని హుషారుగా పరుగందుకున్నారు. నడుం చుట్టూ బుట్టతో, పట్టుచీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని, వాళ్ళ మధ్య నేనూ పరుగెత్తాను. తెరకి అవతల చెవులు కనిపించేదాకా ఆగలేదు.

కొన్నేళ్ళకి గోడమామ తిరుగు ఓడ ఎక్కి తన దేశం వెళ్ళిపోయాడు. ఆ రోజు ఓడమామ రేవులో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తరవాత ఆయన మా ఇంట్లోనే, నా పిల్లల మధ్య కన్నుమూశాడు.

పద్దెనిమిదేళ్ళప్పుడు నిండు సభలో లేచి, వాళ్ళు మా అమ్మకి తోడబుట్టినవాళ్ళు కారని ఎంత ధైర్యంగా చెప్పేశానో! నిజం చెప్పానని ఆ పిల్లకి ఎంత గర్వమో! ఇప్పుడు మనవరాళ్ళు బడి కోసం అడిగితే మాత్రం, "మా అమ్మకి ఇద్దరు తమ్ముళ్ళు, కవలలు," అని రెప్ప వెయ్యకుండా చెబుతాను.