తాగని బావకు మాల వేయించిన ఘనత

పుస్తకాలు చదివి బాగుపడ్డవాళ్ల గురించి మీరు విని ఉంటారు. సూర్యాపేట గ్రంథాలయంలో రెండు పేజీలు చదివి, మిర్యాలగూడలో అక్క సంసారానికి నిప్పు పెట్టిన మహానుభావుణ్ని మాత్రం ఇప్పుడే చూస్తున్నారు. తొంభైల చివరి సంగతి.

మా బావ రైస్ మిల్లులో గుమాస్తా. పొద్దున కుర్చీలో కూర్చుంటే మళ్లీ అన్నానికే లేచేవాడు. కడుపు బరువుగా ఉందంటే స్కానింగ్ తీయించారు. కాలేయంలో కొవ్వు చేరిందని కాగితం ఇచ్చారు. అక్క దాన్ని డాక్టరుకు చూపించకుండా నాకు చూపించింది. ఆమె తప్పేం లేదు. మా ఇంట్లో నన్ను సగం డాక్టరు అనేవాళ్లు. ఆ మాట పుట్టించింది నేనే.

గ్రంథాలయానికి పరుగెత్తి, ఇటుకంత వైద్యగ్రంథం తెరిచాను. మద్యం తాగేవారి కాలేయంలో కొవ్వు పేరుకుంటుందని ఉంది. చాలు! టపీమని మూసి బస్సెక్కాను.

"అక్కా, బావ తాగుతుండు."

"ఏందిరా? ఆయన సోడా తాగితేనే తుమ్ముతడు!"

"పుస్తకంల ఉన్నదక్కా."

బావ లబోదిబోమన్నాడు. "నీ పుస్తకం పాడుగాను! కల్లు వాసనొస్తే ఇంకో బజారుకెల్లి పోతగదరా!"

"తాగెటోళ్లందరు గిట్లనే అంటరు బావా," అన్నాను, జాలిగా.

అక్క సంచి సర్దింది. "తాగుబోతుతోని నేనుండ. తల్లిగారింటికి పోత."

అంటించినవాణ్నే ఆర్పడానికీ పూనుకున్నాను. మావైపు తాగుడు మానాలనుకున్నవాళ్లు అయ్యప్ప మాల వేసుకుంటారు. లేని తాగుడు మానడానికి బావ చేతా వేయించాను. అక్క సంచి దించింది.

దీక్షలో ఉన్న స్వాములను రోజుకో ఇంటివారు భిక్షకు పిలుస్తారు. బొబ్బట్లు, పరమాన్నం, నెయ్యి ఓడే పొంగలి. విస్తట్లో మిగిల్చితే తప్పు. బావ భక్తుడు; ఒక్క మెతుకు మిగల్చలేదు. నల్ల లుంగీ ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణ చేయడానికే ఆయాసపడసాగింది. మళ్లీ స్కానింగ్ తీయించాం. కొవ్వు పెరిగింది!

డాక్టరు ముందే అక్కకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కానీ మాలలో ఉన్నవాణ్ని భార్య కూడా స్వామీ అనే పిలవాలి.

"స్వామీ! మాలేసుకోని గూడ తాగినవా స్వామీ? సిగ్గులేదా స్వామీ?"

"ఆగమ్మా," అన్నాడు డాక్టరు. ఆయనది ఆంధ్రా అంచున ఉన్న కోదాడ. "తాగనివాళ్లకీ వస్తదమ్మా ఇది. మూడు పూటలా అన్నం, స్వీట్లు, కదలకుండా కూర్చోటం. అన్నం సగం చెయ్, కూర పెంచు, రోజూ నడిపించు. ఒళ్లు మెల్లగా తగ్గితే ఆ కొవ్వూ తగ్గుద్ది. ఇంతకీ తాగుతాడని చెప్పిందెవరు?"

అక్కాబావలు ఇద్దరూ నావైపు తిరిగారు. డాక్టరు నా మొహం చూడలేదు, పొట్ట చూశాడు.

"మీరేం చేస్తుంటారు?"

"చదువుతుంటానండి," అన్నాను, ఛాతీ విరుచుకొని. ముందుకొచ్చింది ఛాతీ కాదు.

"కూర్చునా?"

"పడుకొని కూడా."

"బల్ల ఎక్కండి."

పొట్టమీద చల్లటి జిగురు పూసి, తెర చూసి, నాలుక చప్పరించాడు. "మీ బావగారి కంటే మీకే ఎక్కువుంది."

బావ మొహంలో ఆ క్షణాన కనిపించిన వెలుగు మకరజ్యోతిలో కూడా ఉండదు. అక్క కొంగు నడుముకు బిగించి, బల్ల దగ్గరికొచ్చింది.

"తమ్మీ, నువ్వెప్పట్నుంచి తాగుతున్నవ్ రా?"

ఆ జిగురు ఆరకముందే శపథం చేశాను: నా కడుపులో ఏముందో తెలియకుండా ఈ జన్మలో ఇంకొకరి కడుపులోకి తొంగిచూడను.