వెనకసీటు నీలకంఠం

టింగ్. టింగ్ టింగ్.

కాశీబుగ్గ మలుపు దగ్గర ముందుగా ఆ చప్పుడు వినిపించేది. బండి వెనక కడ్డీ మీద పదో నంబరు స్పానరుతో కొట్టిన చప్పుడు. తర్వాత బండి వచ్చేది. నడిపే మనిషి సిగ్గుతో తల దించుకుని దాటిపోయేవాడు. ఆ తర్వాత, జనానికి ఎదురుగా, నింపాదిగా దూరమవుతూ ఒక ముఖం కనిపించేది. తెల్లటి మీసం, నుదుటి మీద గ్రీజు మరక, అందరికీ ఒకే నవ్వు. మెకానిక్కు నీలకంఠం ఏ బండెక్కినా వెనక్కి తిరిగి కూర్చునేవాడు. తన చేతి కింద బాగుపడ్డ బండిని అలా కూర్చుని ఓ చుట్టు తిరిగి చూడనిదే యజమానికి తాళం ఇచ్చేవాడు కాదు.

పలాసలో సగం మందికి ఆయన వెళ్ళిపోతూ ఉంటేనే గుర్తు. ఈ మాఘంలో ఆయన నిజంగానే వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఎర్ర బండి ఫణీంద్రకు ఆయన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు సగంలో ఉండగా తను ఒకప్పుడు అన్న మాట గుర్తొస్తుంది. నవ్వు అక్కడే ఆగిపోతుంది.

"ముందుకి తిరిగి కూర్చోవచ్చు కదా మావా?" అని అడగనివాడు లేడు.

"ముందుకి సూడ్డానికి నువ్వున్నావు కదరా. ఇద్దరం ఒకే కాడికి సూత్తే ఎనక ఎవుడు సూత్తాడు?"

వెనక చూడటంలో ఆయనకు చాలా లాభాలుండేవి. వెనకాల వచ్చే బస్సు డ్రైవరుతో మందస దాకా కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళేవాడు. ఒకసారి వెనక బండి మీద వస్తున్న పెద్దమనిషితో మాట కలిపి, మందస చేరేలోగా ఆయన మేనల్లుడికి సంబంధం కుదిర్చాడు. ఒకసారి కానిస్టేబులు ఆపి, వెనక్కి తిరిగి కూర్చోవడం ఏ సెక్షను కిందికి వస్తుందో తెలియక, పుస్తకం తిరగేసి తిరగేసి, చివరికి "దండాలు బాబూ, ఎల్లు" అన్నాడు.

ఉద్దానం కొబ్బరి రైతు తవిటయ్య కథ మరీ చిత్రం. గతుకులో నీలకంఠం జారి ఇసకలో పడ్డాడు. తవిటయ్యకు తెలియలేదు. ఈ ఏడు కొబ్బరి ధర గురించీ, తన తమ్ముడి దుర్మార్గం గురించీ రెండు మైళ్ళు మాట్లాడుకుంటూ పోయాడు. వెనక నుంచి జవాబు రాకపోతే తన మాట ఒప్పుకున్నాడనే అనుకున్నాడు. తిరిగొచ్చి చూస్తే నీలకంఠం లుంగీ దులుపుకుని, రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు.

"దెబ్బ తగిలిందేటి మావా?"

"దెబ్బకేటి గానీ, నీ చైను వదులుగా ఉన్నాది. పడతన్నప్పుడు సూసినాను."

అలాంటి మనిషి దగ్గరికి ఫణీంద్ర తన ఎర్ర బండిని తీసుకెళ్ళాడు. వాళ్ళ నాన్నకు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఫణీంద్రకు మాత్రం ప్రాణమంతా ఆ బండే. విశాఖలో ఎవరో వాడి వదిలేసిన పదిహేనేళ్ళ నాటి స్పోర్ట్స్ బండి. నిలబడి ఉంటే నిప్పుకణికలా మెరిసేది. ఎనభై దాటితే హేండిలు పూనకం వచ్చినట్టు ఊగేది. కొత్తగా కాపురానికొచ్చిన భార్య బిందు ఒకే ఒక్కసారి ఎక్కి, హైవే మీద దిగిపోయింది.

"ఇది తల ఊపడం మానీదాకా నానెక్కను. మీరు దీన్ని ఎక్కించుకుంటారో, నన్నెక్కించుకుంటారో తేల్చుకోండి" అంది.

ఆ ఆదివారం విశాఖ నుంచి స్నేహితులు పెళ్ళాలతో బండ్లేసుకుని వస్తున్నారు. అందరూ కలిసి భావనపాడు బీచికి వెళ్ళాలి. బిందు వెనక కూర్చోకపోతే తల ఎత్తుకోలేడు. ఫోనులో వీడియోలన్నీ చూసి, ఆ ఊపుకి మందేమిటో తనే తేల్చి, ఆన్‌లైనులో ఓ నల్లటి గొట్టం తెప్పించాడు.

నీలకంఠం ఆ గొట్టాన్ని లాగి, తోసి చూశాడు. "ఏట్రా ఇది? సైకిలు పంపు లాగున్నాది."

"స్టీరింగ్ డాంపర్ మావా. లోపల నూనె ఉంటాది. ఒక కొస చాసిస్‌కి, ఇంకో కొస ముందు చక్రం ఫోర్కుకి బిగించాల. హేండిలు ఊగబోతే పట్టుకుని ఆపేత్తాది."

"ఎందుకూగుతన్నావని అడగదా?"

"అడగడానికి దానికి నోరేదీ?"

"నాకున్నాది కదా. ముందు నానడుగుతాను. తియ్యి బండి."

స్పోర్ట్స్ బండి వెనకసీటు కొబ్బరి చిప్పంత ఉంటుంది, అదీ ముందుకి వాలుతుంది. దాని మీద వెనక్కి తిరిగి, ఫణీంద్ర వీపుకి వీపు ఆనించి, లుంగీ మోకాళ్ళ మధ్య దోపుకుని నీలకంఠం భావనపాడు బయల్దేరాడు. దారిలో కొబ్బరిచెట్లన్నీ ఆయన కళ్ళ ముందు నుంచి వెనక్కి కాదు, దూరానికి నడిచి వెళ్ళాయి. రేవు దగ్గర చేపలు ఎండేస్తున్న ఆడవాళ్ళు నవ్వలేక కూలబడ్డారు.

"తాతా, పడిపోగలవు!"

"పడితే మీ సేపల మీదే పడతాను. మెత్తగుంటాయి."

నీళ్ళ అంచున తడి ఇసక మీద తిన్నగా పోనిమ్మన్నాడు. కాసేపటికి టింగ్ టింగ్. ఆగమని. దిగి గొంతుక్కూర్చున్నాడు.

"సూడు. ఒక బండికి రెండు గీతలేలరా?"

నిజమే. ముందు చక్రం గీత ఒకటి, వెనక చక్రం గీత ఇంకొకటి. వేలెడు ఎడంగా, మాటలు లేని మొగుడూ పెళ్ళాల్లా పక్కపక్కనే పోతున్నాయి.

"ఎనక చక్రాన్ని మోసే కడ్డీలో బుష్షులు, ఆ ఇత్తడి కట్లు, అరిగిపోనాయి. ఎనకది పక్కకి లాగుతంటే ముందది తల ఊపదా? నీ పంపు బిగిత్తే ఊపు ఆగుతాది. జబ్బు ఆగదు. కొత్త బుష్షులు లేతు మిషను మీద తీయించాల. ఇరవై రోజులు పడతాది."

"ఆదివారానికి కావాల మావా. బిందు ఎక్కుతానంది."

"మరందుకే ఇరవై రోజులు."

బుధవారం మళ్ళీ అడిగాడు. బేరింగులు చూశాను, రిమ్ములు చూశాను, బుష్షులు రావాలి అన్నాడు నీలకంఠం. దుకాణం ముందు అయిదారుగురు కుర్రాళ్ళు టీ తాగుతున్నారు. అంతమంది ముందు ఫణీంద్ర నోరు జారింది.

"నీకిది బిగించడం రాదు మావా, అందుకే సాకులు. ఎప్పుడూ ఎనక్కి తిరిగి కూసున్నోడికి ముందుకొచ్చిన పార్టులేటి తెలుస్తాయి?"

అందరూ నవ్వారు. నీలకంఠం కూడా నవ్వాడు. నవ్వుతూనే డాంపర్ని దాని అట్టపెట్టెలో పెట్టి, మూత సరిగ్గా మూసి, చేతికిచ్చాడు. మూత సరిగ్గా మూయడం ఫణీంద్రకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

టెక్కలిలో యువరాజు అనే కుర్రాడు కొత్తగా షాపు పెట్టాడు. అద్దాల గోడలు, నీలం లైట్లు. "వదిలెల్లు బావా, శనివారం సాయంత్రం ఇత్తాను" అన్నాడు. ఇచ్చాడు. ఆదివారం బిందు ఎక్కింది. ఎనభై, తొంభై, నూరు. హేండిలు తులసికోటలా కదల్లేదు. "ఇదేదో ముందే చెయ్యొచ్చు కదండీ" అంది చెవిలో.

ఇక ఏడాదిపాటు ఫణీంద్ర విజయోత్సవం. నీలకంఠం దుకాణం ముందు నుంచి పోతూ ఒక్క క్షణం రెండు చేతులూ హేండిలు మీంచి తీసి గాల్లో ఊపేవాడు. "సూడు మావా, ఒక్క పంపు!" అని అరిచేవాడు. నీలకంఠం పని ఆపి, స్పానరు పైకెత్తి దీవించినట్టు ఊపేవాడు. ఫణీంద్ర దాన్ని ఓటమి అనుకున్నాడు.

మొన్న సంక్రాంతి వెళ్ళాక డాంపర్ కారడం మొదలెట్టింది. మోకాలి మీద నూనె చుక్కలు. రోడ్డు పక్కనే ఆపి, తనే విప్పి సంచిలో వేసుకున్నాడు. ఇక పూనకం తప్పదని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని బయల్దేరాడు. అరవై. డెబ్భై. ఎనభై. ఏమీ లేదు. తొంభై. బండి గుడ్డ మీద ఇస్త్రీపెట్టెలా పోతోంది. ఫణీంద్రకు భయం పోయి ఇంకేదో పట్టుకుంది. పలాస వైపు తిరగాల్సినవాడు టెక్కలి వైపు తిరిగాడు.

"డాంపర్ లేకుండా ఊగట్లేదేటి యువరాజూ?"

యువరాజు చేతులు తుడుచుకుని, తుడుచుకుని, ఇంకోసారి తుడుచుకున్నాడు. "నాను సెప్పకూడదు బావా. ఒట్టేయించుకున్నాడు."

"ఎవుడు?"

"మా గురువుగారు. నీలకంఠంగారి కాడే కదా నాను పని నేర్సుకున్నాను! నీ బండి సూడగానే ఆయనకి ఫోను సేసినాను. ఆ లేతు వోడి గుమ్మంలో బైఠాయించి, ఇరవై రోజుల పని రెండ్రోజుల్లో తీయించినాడు. శనివారం పొద్దున్నే బస్సులో దిగినాడు, బుష్షులు సేతిరుమాల్లో మూట కట్టుకుని. ఆయనే కూసుని బిగించినాడు. నీ డాంపర్ కూడా ఆయనే. ఈ కొస నుంచి ఆ కొసకి హేండిలు అడ్డం లేకుండా తిరుగుతందా లేదా అని పదిసార్లు తిప్పి సూసినాడు."

"నాతో ఎందుకు సెప్పనేదు?"

"అడిగినాను. 'గుంటడు ముచ్చటపడి కొనుక్కున్నాడు. దాని వల్లే బాగైందనుకోనీ, మనదేటి పోనాది' అన్నాడు."

ఫణీంద్ర నవ్వబోయాడు. "మరి ఎనక్కి తిరిగి కూర్చుని సూడనేదా? అలగెలగ వదిలేసినాడు?"

"కూసున్నాడు బావా. నాను తోలినాను, భావనపాడు దాకా. ఇసక మీద ఒకే గీత పడ్డాకే దిగినాడు. రేవులో అందరూ నవ్వినారు. నువ్వే నేవు."

టెక్కలి నుంచి పలాస దాకా ఫణీంద్ర ఒకే వాక్యాన్ని తిప్పి తిప్పి అనుకుంటూ వచ్చాడు. 'తప్పైపోయింది మావా.' ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా. హెల్మెట్ లోపల అది బాగానే పలికింది.

నీలకంఠం దుకాణం ముందు పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు. గుండె బాగులేదని, బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడట. మనిషి సగమయ్యాడు. ముఖం చూడకముందే బండిని చూశాడు.

"పంపు తీసేసినావేట్రా? అందంగా ఉండీది."

"మావా, తిట్టినోడి బండిని ఎందుకు బాగుసేసినావు?"

"యువరాజు గాడు సెప్పీసినాడా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు." నీలకంఠం మీసం దువ్వుకున్నాడు. "నీ గురించి ఎవుడాలోసించినాడురా? ముందర కూసున్నోడికి హేండిలుంటాది, బ్రేకుంటాది, కళ్ళెదర రోడ్డుంటాది. ఎనక కూసున్నోలికి ఏటుంటాది? నీ వీపు. పెళ్ళాం గానీ పిల్లలు గానీ, ముసిల్ది గానీ, ఆ వీపుని నమ్ముకుని కూసోవాల. మెకానిక్కులందరూ ముందర కూసునే సూత్తారు. ఎనకసీటు తరపున అడిగీవోడు ఒకడుండొద్దేటి? ఇంటికాడ దింపు, పద."

ఫణీంద్ర బండి తీశాడు. నీలకంఠం కాలు వేసి ఎక్కి, ముందుకి తిరిగి కూర్చున్నాడు.

"అలగ సూత్తావేట్రా? ఇయ్యాల నాకు పనినేదు."

బజారులోంచి పోతుంటే ఎవరూ నవ్వలేదు. వెనక ఉన్నదెవరో ఎవరూ గుర్తుపట్టలేదు. జీడిపిక్కలు కాలుతున్న వాసనలోంచి ఫణీంద్ర ముప్ఫై దాటకుండా తోలాడు. ప్రతి గతుకునీ ముందే చూసి తప్పించాడు. భుజాల మీద రెండు చేతులున్నాయి. కాసేపటికి వీపు మీద ఒక నుదురు వాలింది, చిన్న బరువు. 'తప్పైపోయింది' అనే మాట గొంతుదాకా వచ్చింది. ఇప్పుడు అంటే ఆ బరువు లేస్తుందేమో అనిపించి ఆగాడు. ఆదివారం బిందుని తీసుకొచ్చి, ఇద్దరం చెబుదామనుకున్నాడు. ఆ ఆదివారానికి నీలకంఠం లేడు.

ఆ రోజు గేటు దగ్గర దిగి, లుంగీ సర్దుకుని, ఆవలింత ఆపుకుంటూ ఆయన అన్నాడు:

"ఈసారి కాస్త గట్టిగా తోలరా అల్లుడా. ఎనకాల నిద్దరొచ్చేత్తంది."