కొసరు పనికిరాని తాడు

నందికొట్కూరు బజారులో నాగసుబ్బయ్య శెట్టిది తాళ్ళ అంగడి. దాని పక్కనే నా కుట్టుమిషను. ఆయన తాడు కొలుస్తుంటే చూసి నాకు ఒళ్ళు మండుతుంది. పది మూరలు అడిగినవాడికి పది మూరలూ కొలిచి, ఆపైన ఒక జాన వదిలి అప్పుడు కోస్తాడు. వాళ్ళ నాయన అట్లాగే కోసేవాడట. మూరకు మూర కోసి ఇచ్చిన చేత్తో అన్నం తినబుద్ధి కాదంటాడు. అదే లెక్కన నేను జాకెట్లు కుడితే నా గడప ఎవరు తొక్కుతారు?

ఆయనకు ఇంకో జబ్బు కూడా ఉంది, అడగడం. తాడు ఎద్దుకా బొక్కెనకా, బావి ఎంత లోతు, నీళ్ళు ఉప్పనా తీపా, అన్నీ తెలుసుకుంటేగానీ కొన్నవాణ్ణి అంగడి దిగనివ్వడు.

అలాంటి మనిషి దగ్గరికి, పోయిన పారువేటకు ముందురోజు, పక్కూరి ఓబుళేశు విల్లు పట్టుకుని వచ్చాడు. పారువేట అంటే దేవుడు పల్లకిలో వేటకు బయలుదేరే పండగ. వాళ్ళ ఊళ్ళో పల్లకి పొలిమేర దాటాలంటే ముందు వీళ్ళింటి బాణం పోవాలి. ఏటా వాళ్ళ నాయన వేసేవాడు. ఆయన ఎండాకాలంలో కాలం చేశాడు. అటక మీది విల్లు దించి చూస్తే నారిని ఎలుకలు కొట్టేశాయి, కొలతకు ముక్కైనా మిగల్లేదు. రేపటికి విల్లు సిద్ధం కాకపోతే నాటకాలవాళ్ళ అట్టవిల్లు తెస్తామని పెద్దమనుషులు అప్పుడే అనేశారట.

శెట్టి చూపు మాత్రం విల్లు మీదే ఉంది. దాని కొనలు రెండూ ముక్కు తిరిగిన చెప్పుల్లా బయటికి తిరిగి ఉన్నాయి. ఈ తిరుగుడు ఎందుకప్పా అని అడిగాడు. ఓబుళేశుకు తెలియదు. సాగే తాడు పనికిరాదని మాత్రం తెలుసు. గోతాలు కుట్టే గట్టి దారం పోగులు కలిపి పేని, మైనం రుద్ది, ఈ కొన నుంచి ఆ కొనదాకా వంపు వెంబడే పరిచి కొలిచాడు శెట్టి. కోసేముందు చెయ్యి దానంతటదే ఒక జాన వదిలింది. రెండు కొసలకూ ఉచ్చులు వేసి తగిలిస్తే అది బట్టలారేసే దండెంలా వేలాడింది. నేను నవ్వాను. ఆయన ఏమీ అనుకోకుండా దాన్నే చూస్తూ కూచున్నాడు. పశువును కట్టే తాడు పొడుగుంటే పశువుకు సుఖం, కానీ ఇది కట్టే తాడు కాదు, వంచే తాడు, విల్లుకంటే పొట్టిగా ఉంటేనే విల్లు వంగుతుంది అని చివరికి తేల్చాడు.

ఎంత పొట్టి? అక్కడే చిక్కు పడింది. మరీ పొట్టిదైతే పాత కర్ర పుటుక్కుమంటుంది. నేను ఫోనులో వెతికి, విల్లు పొడవులో నాలుగు అంగుళాలు తగ్గించాలట అన్నాను. ఆ ఫోనులోవాడి విల్లూ ఈ విల్లూ ఒక కాన్పులో పుట్టినాయా అన్నాడు శెట్టి. తర్వాత ఓబుళేశును పట్టుకున్నాడు. మీ నాయన నారి తగిలించేటప్పుడు ఏ కాలు ముందు పెట్టేవాడు, ఏ చేత్తో వంచేవాడు, తగిలించాక ఏం చేసేవాడు అని ఒకటే అడగడం.

తగిలించాక విల్లుకు దండం పెట్టేవాడని ఓబుళేశు చెప్పాడు. ఎట్లా అంటే చేసి చూపించాడు. పిడికిలి బిగించి, బొటనవేలు నిలబెట్టి, విల్లు పిడికి లోపలివైపున ఆనించాడు.

"దండానికి రెండు చేతులు కావాల గదప్పా," అన్నాడు శెట్టి. "ఒంటి చేత్తో ఎవురు పెడతారు?"

ఓబుళేశు తన బొటనవేలి వంకే చూసుకున్నాడు. "మొక్కుకుంటాండాడని అనుకుంటిమి శెట్టీ," అన్నాడు మెల్లగా. "మేమూ చేతులు జోడిస్తాంటిమి."

అది దండం కాదు, పిడికీ నారికీ మధ్య ఉండాల్సిన ఎడం. ఆ తర్వాత పని చకచకా సాగింది. ఉచ్చు విప్పి, కాస్త తగ్గించి మళ్ళీ వేశారు. విల్లు వంగింది, కానీ పిడికిలి పెడితే నారి బొటనవేలికి అడ్డొచ్చింది. ఇంకాస్త తగ్గించారు. చివరి వెంట్రుకవాసికి నారిని మెలిపెడితే పొట్టిదై, గోరు మీద ఆనీ ఆననట్టు నిలిచింది. తిరిగిన ఒక్కో కొన దగ్గరా ఏళ్ళ తరబడి అరిగిన గాడి ఒకటుంది. నారి అందులోకి వెళ్ళి కూచుంది. ఓబుళేశు పిడికిలి తీయలేదు. వాళ్ళ నాయన చెయ్యి కూడా సరిగ్గా ఇంతే ఉండేదన్నాడు.

కోసేసిన ముక్క శెట్టి చేతిలో ఉండిపోయింది. పాపం, జన్మలో మొదటిసారి కొసరు వెనక్కి తీసుకున్న మొహం ఆయనది. వేళ్ళు లాగేచోట నారి అరగదా అని అడిగాడు. నాయన అక్కడ దారం చుట్టేవాడని ఓబుళేశుకు గుర్తొచ్చింది. శెట్టి ఆ ముక్కను పోగులు విప్పి నారి నడుమ తనే చుట్టాడు, అప్పటికిగానీ మనసు కుదుటపడలేదు.

మరునాడు మేమిద్దరం పారువేటకు పోయాం. పొలిమేర దగ్గర ఓబుళేశు నారి తగిలించి, పిడికిలి ఆనించి, బొటనవేలు నిలబెట్టాడు. చుట్టూ ఉన్న జనమంతా చేతులు జోడించారు. అది కొలత అని అక్కడ తెలిసింది మాకే. శెట్టి నా వంక ఒకసారి చూసి, సంచి కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు. నేనూ జోడించాను. బాణం తుమ్మచెట్ల మీదుగా పోయింది, పల్లకి కదిలింది.