బిరడాలు నిలవని ఊద్

ఆ రోజుల్లో మా వైపు చెవులు విన్నాకే కాళ్లు కదిలేవి. దూరంగా ఏదైనా పేలితే అది పెళ్లివాళ్ల టపాసా, నాపరాళ్ల గనిలో మందా, లేక ఇంకొకటా అని తేల్చుకోకుండా ఎవరూ అడుగు ముందుకు వేసేవారు కాదు. అలాంటి కాలంలో నేను జమ్మలమడుగులో కొత్తగా టీచరుగా చేరాను. ఆదివారాలు ప్రొద్దుటూరులో మా చర్చిలో పిడేలు వాయించేవాణ్ణి. (నేను కమాను ఎత్తగానే పాదిరిగారు పాడేవాళ్లను కాస్త గొంతు పెంచమనేవారు. అది నాకు ప్రోత్సాహంగానే తోచేది.) తీగవాద్యం ఏదైనా సరే నాకు లొంగుతుందని మా వీధిలో ఒక నమ్మకం ఉండేది. దాన్ని పుట్టించింది నేనే.

మా పక్కింటాయనను అందరూ కువైట్ మామ అనేవారు. ఏళ్ల తరబడి అక్కడ ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా పనిచేసి, వస్తూ వస్తూ ఊద్ అనే అరబ్బు తీగవాద్యం ఒకటి తెచ్చుకున్నాడు. సగానికి కోసిన గుమ్మడికాయలాంటి పెద్ద బుర్ర, పొట్టి మెడ, వెనక్కి విరిచినట్టున్న తల, ఆ తలకు రెండు వైపులా తీగలు బిగించే కొయ్య బిరడాలు. వాటిని పట్టి ఉంచే మర ఏదీ ఉండదు. కొయ్య కొయ్యను ఒరుసుకుని నిలవాలి, అంతే. ఆ ఇంటి ముసలాయన దగ్గరే వాయించడం నేర్చుకున్నాడట. ఉత్తరాలకు బదులు మాటలు నింపిన క్యాసెట్లు ఇంటికి పంపేవాడు, చివర్లో కాసేపు ఊద్ వినిపించేవాడు. పులివెందులలో ఉన్న వాళ్ల అన్న ఆ క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నాడు. ఆయన ఒక నాయకుడి జీపు నడుపుతుండగా బాంబు పడి రెండు కళ్లూ పోయాయి. అప్పటినుంచి మనుషులతో మాట్లాడటం మానేశాడు.

"అల్లుడా, అన్న ముందర కూర్చోని ఒగసారి వాయించల్ల. తీగలు మార్చల్ల, బిరడాలు సూస్తే నిలబడటంల్యా. నువ్వు రావల్ల" అన్నాడు మామ.

ఉదయమంతా కూర్చుని తీగలు మార్చాం. పాత తీగ ఒకటి విప్పడం, కొత్తది బుర్ర మీది పట్టీకి ముడివేసి, కొసను బిరడా రంధ్రంలో దూర్చి చుట్టడం. మా ఎండలకు కొయ్య ఎండి సన్నబడిందేమో, తిప్పిన ప్రతి బిరడా గిర్రున వెనక్కి తిరిగేది. నా జేబులో సుద్దముక్కలకు కొదవలేదు. బిరడాలకు సుద్ద రాసి, తిప్పుతూ లోపలికి నొక్కితే నిలిచాయి. ఆ గర్వంలో ఒక సుద్దముక్క బుర్ర రంధ్రంలోంచి లోపల పడింది. ఎంత వంచినా బయటికి రాలేదు.

ఊద్‌ను దుప్పట్లో చుట్టి పులివెందుల బస్సెక్కాం. ఎన్నికల రోజులు. ముందు సీట్లలో ఒక పార్టీ, వెనక సీట్లలో ఇంకొక పార్టీ, మధ్యలో మేము. ముద్దనూరు దాటాక పోలీసులు బస్సు ఆపి అందరినీ కిందికి దింపారు. ఎస్సై దుప్పటి మూట ఎత్తి ఊపాడు. లోపల గడగడమంది.

"ఏందిది? లోపల ఏముండాది?"

"సుద్దముక్క సార్" అన్నాను. నా చెవికే అబద్ధంలా వినిపించింది.

"వాయించేదైతే వాయించి సూపిచ్చండి."

విప్పి చూస్తే బస్సు కుదుపులకు తీగలన్నీ వదులై వేలాడుతున్నాయి. రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని బిరడాలు తిప్పసాగాను. తుపాకులు పట్టుకున్నవాళ్లు చూస్తుండగా శ్రుతి చేయడం చర్చిలో చేసినట్టు ఉండదు. తుపాకుల వైపు చూస్తూ, అన్నిటికంటే లావు తీగను పట్టవలసినదానికంటే ఎక్కువ బిగించాను. అది తెగి బుర్రమీద ఢామ్మని కొట్టింది.

నేను తలెత్తేసరికి రోడ్డు మీద ఎవరూ నిలబడి లేరు. ఎస్సై జీపు చక్రం పక్కన ఉన్నాడు. ముందు సీటు పెద్దాయన, వెనక సీటు పెద్దాయన ఒకే గుంతలో, ఒకరి మీద ఒకరు చెయ్యి వేసుకుని పడుకుని ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. ఒకాయన లేచి, రెండో ఆయన వీపు మీది దుమ్ము దులిపి, "ఇదేం బతుకప్పా" అన్నాడు మెల్లగా. రెండో ఆయన తలూపాడు. బస్సెక్కాక మళ్లీ ఎవరి సీట్లలో వాళ్లు కూర్చున్నారు. మమ్మల్ని ఎస్సై ఇంకేమీ అడగలేదు.

పులివెందులలో అన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మేము పలకరించినా పలకలేదు. ఆ లావు తీగకు మారు లేదు. మిగతా తీగల బిరడాల్లో రెండు, సుద్ద రాసినా జారుతూనే ఉన్నాయి. చివరికి నేను మామకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో ఆ బిరడాలను అదిమి పట్టుకున్నాను. మామ వాయించడం మొదలుపెట్టాడు. కాసేపటికి అన్న తల పక్కకు వాలింది.

"లావు తీగ యాడపోయ?" అన్నాడు.

మామ చెయ్యి ఆగింది. అన్న భార్య వదినమ్మ వంటింట్లోంచి వచ్చి గడపలో నిలబడిపోయింది.

"తెగిపాయన్నా, దావలో."

"సరే, వాయించు. బిరడా ఎవురు పట్టుకున్యారు?"

"మా పిడేలు సారు."

"సారూ, ఎడమ చేతిది జారతాంది. గట్టిగ పట్టుకో."

నిజమే, జారుతోంది. నా చెవికి మాత్రం ఆ తేడా ఇంకా తెలియలేదు.

పొద్దు వాలేదాకా అలాగే ఉన్నాను. కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోతే వదినమ్మ రెక్క పట్టి లేపింది. ఇప్పుడు అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. తరువాత నేను ఎన్నో సభల్లో పిడేలు వాయించాను, జనం ఓర్పుగా విన్నారు. కానీ ఒక మనిషి నన్ను గట్టిగా పట్టుకోమని అడగడం, నేను పట్టుకోవడం మళ్లీ ఎప్పుడూ జరగలేదు.