రెండు మైకులు, ఒక సంచి

ఐక్యత గురించి ఉపన్యసించే మీరు, ఎదుటివాడి మాట చివరిదాకా విని ఎన్నాళ్లయింది?

దొనకొండ స్టేషన్‌లో పక్కన కూర్చున్న ముసలమ్మ సంచిలో బైబిలుతోపాటు రెండు మైకులున్నాయి.

"ఇవేందమ్మా?" అన్నాను.

"నా కొడుకులిద్దరూ పాస్టర్లే నాయనా. కొట్లాడి ఎదురెదురుగా చర్చీలు పెట్టినారు. ఆదివారం ఇద్దరూ ఐక్యత మీదనే వాక్యం చెప్తారు, ఒకరిది ఒకరికి వినపడనియ్యరు. అందుకే మైకులు ఎత్తుకొచ్చినా. గిద్దలూరులో కూతురింటికి పోతాండా. వీటికోసమన్నా ఇద్దరూ ఒక్క గడప తొక్కుతారు."

నేను నవ్వి, మా నాస్తిక సభల్లో చెప్పినట్టే దేవుడు లేడని వాదన మొదలుపెట్టాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"మీ సభల్లో గూడా మైకుంటదా నాయనా?"

"ఉంటుంది."

ఆమె సంచి మూతి తెరిచి నా ముందు పట్టుకుంది.

ఆస్తికులారా, నాస్తికులారా! ఈ ఆదివారం మీ మైకు కట్టేసి, ఎదురింటికి వెళ్లి వినండి.