సీసాలోని ముక్క

ఆ ఏడాది మిరపకాయకు ఘాటెక్కువని ఇంట్లో అందరికీ చెప్పాను. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఎడమ బుగ్గ లోపల నిప్పుకణిక ఆనించినట్టుండేది. గుంటూరు జిల్లాలో పుట్టి కారం తినలేకపోతున్నానని ఒప్పుకోవడం కన్నా పంట మీద నెపం వేయడం తేలిక. నా భార్య మాత్రం, "పక్కింటివాళ్ళూ ఈ కాయే ఆడించారు, శుభ్రంగా తింటున్నారు" అంది.

మా నాన్నగారు ఊరికి మునసబు. పదవి పోయింది, పొలాలు పోయాయి. ఆయన నుంచి నాకు చెక్కుచెదరకుండా దక్కింది ఒక అలవాటు. భోజనమయ్యాక తమలపాకు, వక్క, సున్నం, అందులో ఒంగోలు వైపు నుంచి తెప్పించిన పొగాకు కాడ. ముప్పై ఏళ్ళు దాన్ని ఎడమ బుగ్గనే ఉంచాను. మాట మార్చని వంశం, బుగ్గ మారుస్తుందా?

తొంభైల చివర ఒక వేసవిలో నా భార్య పోరు పడలేక చిలకలూరిపేటలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బుగ్గ లోపల తెల్లమచ్చ, దాని నడుమ పుండు ఉన్నాయన్నాడు. సున్నానికి పొక్కిందన్నాను. అతను మత్తు ఇంజక్షన్ ఇచ్చి, కందిగింజంత ముక్క కోసి, మందునీళ్ళున్న చిన్న సీసాలో వేసి నా చేతిలో పెట్టాడు.

"గుంటూరు ల్యాబులో ఇవ్వండి. మైక్రోస్కోపులో చూసి కేన్సరో కాదో చెబుతారు. కేన్సరయితే వెంటనే ఆపరేషన్. ఆలస్యం చేశారంటే దవడ ఎముకకి పాకుద్ది."

నా వస్తువు నేనే మోసుకుంటూ బస్సెక్కడం నాకు అలవాటు లేదు. సీసా మా పాలేరుకి ఇచ్చి పంపాను. పాలేరని అంటున్నాను గాని, అప్పటికి అతనికి రెండెకరాల మిరపతోట ఉంది, నాకు సెంటు భూమి లేదు. అయినా రోజూ పొద్దున్నే వచ్చి అరుగు కింద నిలబడేవాడు. నేనేదో ఒక పని చెప్పేవాణ్ణి. జీతం మాట ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

వారం తర్వాత అతనే వెళ్ళి రిపోర్టు తెచ్చాడు. కవరు చించి చూస్తే పైన అతని పేరుంది, అరవై రెండేళ్ళని వయసుంది. కింద ఇంగ్లీషులో కేన్సరని ఉంది. అతనూ ఏదో ముక్క ఇచ్చి ఉంటాడు, సీసాలు తారుమారయ్యాయి కాబోలు అనుకున్నాను. నా గుండె మీంచి బరువు దిగింది. ఆ వెంటనే అతని మీద జాలి కలిగింది. నన్ను నేను మెచ్చుకుంటూ, చాలా మెత్తగా అడిగాను.

"ఏరా, నీ నోట్లో ఏమన్నా పుండుందా?"

"పళ్ళే లేవండయ్యగారూ, పుండెక్కడ?"

"మరి దీని మీద నీ పేరుందేం?"

"నేనే చెప్పానండి. కౌంటరు కాడ పిల్ల పేషెంటు పేరేందంది. అయ్యగారన్నా. అయ్యగారికి పేరుండదా అంది. మీ పేరు నా నోటెంట ఎట్టా వచ్చిద్దండి? ఎనకోళ్ళు తోస్తన్నారు. నాది చెప్పేశా."

"వయసు?"

"అదీ నాదే. పేరు నాదయ్యి వయసు మీదయితే బాగోదు గదండీ."

మా ఇంటి మగవాళ్ళ పేర్లు పనివాళ్ళ నోట పలకకూడదన్నది మా తాతగారు పెట్టిన పద్ధతి. ఆయన పోయి నలభై ఏళ్ళయింది. పద్ధతి మాత్రం గుంటూరు ల్యాబు దాకా వెళ్ళివచ్చింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు కోపం కన్నా గర్వమే ఎక్కువ కలిగింది.

ఆ గర్వంతో మూడు వారాలు గడిపాను. కాగితం మీద ఉన్నది నా పేరు కాదు కాబట్టి జబ్బు నాకు నిర్ధారణ కాలేదని నా వాదన. ఒక మధ్యాహ్నం పెరుగన్నం కూడా మింగలేక విస్తరి ముందు నుంచి లేస్తుంటే నా భార్య అడిగింది.

"పేరు అతనిదయితే మంట మీకెందుకండీ?"

మర్నాడు పాలేరుతో కలిపి ముగ్గురం గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళాం. డాక్టరు మా అమ్మాయి వయసు మనిషి. దవడకు ఎక్స్‌రే తీయించి, వెలుగుకు పెట్టి చూసి, ఎముక ఇంకా బాగానే ఉందంది. రిపోర్టు చదివి, "కణాలు ఉండలు కట్టి ముత్యాల్లా కనిపించాయని రాశారు. మేమూ వాటిని ముత్యాలనే అంటాం" అంది. మా ఇంట్లో నేను ముత్యాలు చివరిసారి చూసింది మా నాయనమ్మ మెడలో.

అప్పుడు ఆమె పేరు చూసింది. "ఇది మీది కాదే?"

"నాదేనమ్మా. ఆ ముక్క నాదే."

"రుజువేంటండీ? వేరేవాళ్ళ కాగితం చూసి మీ బుగ్గ కోయలేను. మళ్ళీ ముక్క తీయాల్సిందే. అసలే ఆలస్యమైంది."

కోర్టుల్లో నావని వాదించి పోగొట్టుకున్న పొలాలు చాలా ఉన్నాయి. ఈ కందిగింజంత ముక్క విషయంలోనూ నేనే ఓడిపోయాను.

మళ్ళీ కోశారు. ఈసారి సీసా నేనే పట్టుకుని ఆసుపత్రి ల్యాబు కౌంటరు దగ్గర నిలబడ్డాను. నా భార్య మందుల కోసం వెళ్ళింది. నా నోటి నిండా దూది.

"పేషెంటు పేరు?" అన్నాడు గుమాస్తా.

నోరు మెదిపితే రక్తం కారింది గాని మాట రాలేదు. కలం కోసం జేబు తడుముకున్నాను. లేదు.

"మాట్టాడేవాళ్ళెవరూ లేరా? అవతల జనం ఉన్నారు."

మా పాలేరు నా ముఖంలోకి చూశాడు. నేనూ అతని వైపు చూశాను. ఆ చూపుతో నేను చెప్పమన్నానో, వద్దన్నానో నాకే తెలియదు. అతను గొంతు సవరించుకుని, ఇంటిపేరుతో మొదలుపెట్టి నా పేరు, మా నాన్నగారి పేరు, ఊరు, మండలం వరసగా చెప్పాడు. చేను ఆ చివరికి వినబడేలా ఎద్దుల్ని అదిలించే గొంతు అతనిది. హాలంతా తిరిగి చూసింది. ఏ పేరు చివరా గారు లేదు.

"వయసు?"

"యాభై ఆరు. ఆయన పుట్టిన్నాడు ఊళ్ళో బెల్లం పంచింది నేనే."

గుమాస్తా రాసుకున్నాడు. "నువ్వేమవుతావు ఆయనకి?"

 నేనూ ఆ జవాబు కోసం చూశాను.

"ఏమీ కానండి. ఒకూరోళ్ళం."

నాలుగో రోజున రిపోర్టు వచ్చింది. పైన నా పేరు ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది. కింద మొదటి కాగితంలో ఉన్న మాటే ఉంది. ఈసారి అది ఎవరిదని నేను వాదించలేదు. ఆ వారమే బుగ్గ కోశారు.