పేరంతా వాతకే

మా చిన్నమ్మ మొన్న పోయింది. బలసముద్రంలో అందరూ రోగం తీసుకుపోయిందంటున్నారు. చావింట్లో మంచి మాటలే చెప్పాలంటారు. చదివేవాళ్ళు ఏమనుకున్నా సరే, ఆ రోగానికి తోడుపోయినవాళ్ళ గురించి చెప్పకుండా నేను ఆమెను తలుచుకోలేను.

అమ్మ కూలికి పోతే నన్ను సాకింది ఆమే. ఉడకబెట్టిన శనక్కాయలు వలిచి, తొక్కలు తన ఒళ్ళో వేసుకుని పప్పులు నా చేతిలో పెట్టేది. ఆ చేతి తిండితోనే నేను మనిషినయ్యాను.

సోలార్ ప్లాంటులో గడ్డి కోసే పనిలో ఉండగా ఆమెకు ఒక కన్ను మసకబారింది. కొన్ని వారాలకు దానంతటదే బాగయింది. మరుసటి ఏడు కాళ్ళు మొద్దుబారాయి. మావాళ్ళు ఒకప్పుడు గొర్రెలు కాసినవాళ్ళు. గొర్రె కాలు ఈడిస్తే కొడవలి కాల్చి వాత పెట్టేవారు. మనిషికీ అదే వైద్యం. చిన్నమ్మ పెద్దన్న, అంటే మా పెద్దమామ, ఆమె పిక్కల మీద వాతలు పెట్టాడు. నెల తిరిగేసరికి ఆమె లేచి నడిచింది. కాకి వాలింది, తాటిపండు పడింది. పేరంతా వాతకే పోయింది.

నేను పట్టుబట్టి బెంగళూరు తీసుకుపోయాను. స్కానింగ్ చూసిన డాక్టరమ్మ జబ్బు పేరు మల్టిపుల్ స్క్లిరోసిస్ అంది. ఒంటిని కాయాల్సిన శక్తే నరాల మీది పొరను కొరికేస్తుందట, ఎలుక కరెంటు తీగ తొడుగును కొరికినట్టు. ఒకసారి వచ్చి, తనంతట తగ్గి, మళ్ళీ తిరగబెడుతుందట. వెనకటికి దీన్ని ఆపే మందే లేదు. ఇప్పుడున్న సూదులు పూర్తిగా నయం చేయవుగానీ తిరగబెట్టడం తగ్గిస్తాయి, మానకూడదు అని మాకందరికీ వచ్చిన కన్నడలోనే విడమరిచి చెప్పింది. పక్కనే కూర్చున్న పెద్దమామ తలూపాడు. ఊరు చేరాక మాన్పించాడు.

"వాతతో లేసిన మనిషికి సూదులు ఏంటికప్పా?" అన్నాడు. ఆ ఇంట్లో ఆయన మాటే చెల్లుతుంది.

ఈ జబ్బుకు వేడి పడదు. ఎండెక్కితే ఆమె కాళ్ళు ఆడేవి కావు. అందుకే మెడకు తడి టవలు చుట్టుకునేది. దానికి షోకు అని పేరు పెట్టారు. పొద్దున నడిచి మధ్యాహ్నం కూలబడితే నాటకం అన్నారు. అనని నోరు లేదు. ఆమె మాత్రం ఎవరినీ తిట్టలేదు. నాతో ఒకసారి అంది: "నా కాళ్ళు నా మాట ఇనవు. మీరన్నా ఇనండప్పా."

ఎవరూ వినలేదు. తిరగబెట్టినప్పుడల్లా కాల్చారు. నేను పోట్లాడి సూదులు మళ్ళీ మొదలుపెట్టించేసరికి నడుం కింద కదలిక ఏమీ మిగల్లేదు. మంచాన పడి వీపంతా పుండ్లు లేచాయి. అవి చీముపట్టి ప్రాణం తీశాయి.

పోయిన రోజు స్నానం చేయిస్తున్న ఆడవాళ్ళు ఆమె పిక్కల మీది మచ్చలు చూసి కళ్ళొత్తుకున్నారు. "ఇంగొక వాత పడింటే నిలబడేది," అన్నాడు పెద్దమామ. ఆ మాట విని పక్కింటి కోడలు ముందుకొచ్చి, తన చెయ్యి కొన్నాళ్ళుగా తిమ్మిరెక్కుతోందని చెప్పింది.

అప్పటికి చిన్నమ్మను ఇంకా పాడె మీదికి ఎత్తలేదు. ఆయన ఆ పిల్ల మోచేతిని వెలుతురుకు తిప్పి, ఎక్కడ కాల్చాలో బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు.